నలభై రెండో నంబరు ఇంటికి పేరు

ట్రౌటె కలూజా ఏ పేజీనైనా రెండుసార్లు చదువుతుంది. మొదటిసారి అర్థం కోసం, అందరిలాగే పై నుంచి కిందికి. రెండోసారి అక్షరాల కోసం, కింది నుంచి పైకి. వరస కింద చెక్క స్కేలు ఆనించి, ఆ వరస అయ్యాక స్కేలుని పైకి జరుపుతుంది. అలా వెనక్కి చదివితే వాక్యం విరిగిపోయి ఒక్కో మాటా విడిగా కనబడుతుంది, అప్పుడు తప్పు దాక్కోలేదు. పక్క పట్నంలో అచ్చాఫీసులో ముప్పై నాలుగేళ్ళు ఈ పనే చేసి రిటైరయింది. ఎర్ర పెన్సిలు ఇప్పటికీ కత్తితోనే చెక్కుకుంటుంది, మొన పొడుగ్గా వచ్చేలా.

ఆ సోమవారం ఆమె వంటింటి బల్ల మీద ఉన్నది మా ఊరి పుస్తకం. హెల్మ్‌ఫెల్డె పేరు మొదటిసారి ఒక కాగితం మీదికెక్కి ఆగస్టుకి ఏడువందల యాభై ఏళ్ళు నిండుతాయి. ఆ సంబరానికి హెన్నింగ్ డ్రేవెస్ మాస్టారు నాలుగేళ్ళు కూర్చుని ఈ పుస్తకం రాశారు. పట్నం హైస్కూల్లో భూగోళం చెప్పిన మనిషి. వేజర్ నది దక్షిణం నుంచి వచ్చి ఎర్రరాతి కొండకి కొట్టుకుని, మా ఊరిని మూడు వైపులా చుట్టి, మళ్ళీ ఉత్తరానికి ఎలా మళ్ళుతుందో ఆయన రాస్తే కాగితం తడిసినట్టుంటుంది. ఉప్పు పడవలు, వాటిని ఒడ్డున నడుస్తూ తాళ్ళతో లాగిన మనుషులు, చర్చి గోడ మీద ఏ వరద ఎంతవరకు వచ్చిందో చెక్కిన గీతలు, అన్నీ వచ్చాయి. అయితే ఒత్తులకీ దీర్ఘాలకీ, ఆయనకీ పడదు. అందుకే సంబరాల కమిటీ వాళ్ళు దిద్దే పని ట్రౌటెని అడిగారు. ఊరికే చేసిపెట్టమన్నారు. ఆమె ఆ మాట పూర్తికాకుండానే ఒప్పుకుంది. మా ఊళ్ళో ఆమెని ఎవరైనా ఏదైనా అడగడం అరుదు.

పుస్తకం శుక్రవారం పొద్దున్న అచ్చుకి వెళ్ళాలి. మిగిలింది చివరి అధ్యాయం ఒక్కటే, 'ఇళ్ళూ, ఇంటిపేర్లూ'.

మా దగ్గర ఇంటిపేరు నిజంగా ఇంటిదే, మనుషులది కాదు. కాగితాల్లో ఎవరు ఏమైనా కావచ్చు. అన్నెగ్రెట్ బ్యోమె అంటే పోస్టుమాన్ కూడా ఒక్క క్షణం ఆలోచిస్తాడు, కొలిమివాళ్ళ అన్నెగ్రెట్ అంటే చీకట్లో కూడా దారి చూపిస్తాడు. ఆ ఇంట్లో కొలిమి ఆరిపోయి తొంభై ఏళ్ళు దాటింది. ఎక్కణ్ణుంచో వచ్చి ఆ ఇల్లు కొన్నవాడు కూడా మొదటి చలికాలం గడిచేసరికి కొలిమివాడే అవుతాడు. ఇంకో సంగతి, ఇంటిపేరు ఎదురుగా అనం. ఆ మనిషి పక్కన లేనప్పుడే దానితో పని.

ఆ అధ్యాయంలో పట్టిక ఉంది. ఇంటి నంబరు, ఇంటిపేరు, ఆ పేరు ఎలా వచ్చింది, ఎవరున్నారు. ట్రౌటె పై నుంచి కిందికి చదువుకుంటూ వచ్చింది. మిట్టవాళ్ళు. కొలిమివాళ్ళు. గంటవాళ్ళు. వరదలో కొట్టుకుపోయి నూట అరవై ఏళ్ళయిన ఇంటికి కూడా పేరుంది, చేపవలవాళ్ళు. చివరి వరస నలభై రెండు. 'కలూజా కుటుంబం, 1951 నుంచి.' ఇంటిపేరు ఉండాల్సిన చోట చిన్న అడ్డగీత. ఎలా వచ్చిందో చెప్పాల్సిన చోట ఏమీ లేదు.

అచ్చు పేర్చినవాళ్ళు వదిలేశారేమో అనుకుంది. మాస్టారి రాతప్రతి తీసి చూసింది. అక్కడా అడ్డగీతే, స్కేలు పెట్టి శ్రద్ధగా గీసిన గీత.

మార్జిన్లో ప్రశ్నార్థకం పెట్టింది. పెట్టి, పెన్సిలు కింద పెట్టేసి, లేచి, కిటికీ దగ్గర చాలాసేపు నిలబడింది. బాధపడటానికి ఇదొక విషయమా అని తనని తను కసురుకుంది. కానీ బాధ వేసింది. ఆ ఇటుకలు ఆమె తండ్రి, తల్లి, ఆమె కూడా మోసినవే. మార్చిలో నది పొంగితే మొదట తడిసేది ఆ ఇంటి మెట్లే. ఎవరికీ అక్కర్లేదు కాబట్టే ఆ జాగా వాళ్ళకి దక్కింది. ఊరి ఇళ్ళన్నిటిలో పేరు లేకుండా మిగిలింది అదొక్కటే. తల్లీ తండ్రీ, అన్నలిద్దరూ పోయారు. తన తర్వాత కలూజా అన్నవాళ్ళు ఎలాగూ ఉండరు. ఇంటికి పేరుంటే అదైనా ఉంటుంది.

మధ్యాహ్నం బంగాళాదుంపలు ఉడుకుతుండగా పాత కవరు వెనక పేర్లు రాయడం మొదలుపెట్టింది. మాస్టారు ఏదో ఒకటి అడగకపోరు, అడిగితే చెప్పడానికి సిద్ధంగా ఉండాలి కదా. మెట్లవాళ్ళు. చివరివాళ్ళు. ఒడ్డువాళ్ళు. మూడోది నచ్చింది. దాని కింద గీత గీసింది. ఇల్లంతా ఖాళీయే అయినా ఒకసారి అటూ ఇటూ చూసి, పైకి అని చూసింది. "ఒడ్డువాళ్ళ ట్రౌటె." బాగానే ఉంది. ఇంకోసారి అంది.

మంగళవారం పది గంటలకి రొట్టెల వ్యాను వచ్చి చర్చి దగ్గర హారన్ కొట్టింది. మా ఊళ్ళో కొట్టు మూతపడినప్పటి నుంచీ వారానికి రెండుసార్లు ఇదే మాకు బజారు. ముప్పై ఏళ్ళు లోథార్ నడిపాడు. అతనికి మనిషిని చూస్తే చాలు, రొట్టె చేతికొచ్చేసేది. కిందటి వారం అతను రిటైరైతే కొత్తగా ఒక పట్నం పిల్ల వచ్చింది. గట్టి గొంతు, చక్కగా దువ్వి కట్టుకున్న జుట్టు, పని త్వరగా నేర్చుకోవాలన్న తొందర. లోథార్ వెళ్తూ వెళ్తూ తన చీటీ ఇచ్చిపోయాడట. ఎవరికేం కావాలో అందులో ఉంటుంది కాబట్టి వరుసగా పిలిస్తే సరిపోతుందని ఆమె అనుకుంది. అవి మనుషుల పేర్లు కావని ఆమెకి ఎవరు చెబుతారు?

మొదటి పేరు పిలవగానే ఆడవాళ్ళు ఒకరినొకరు చూసుకుని నవ్వారు. "కొలిమివాళ్ళు, గోధుమ రొట్టె రెండు." అన్నెగ్రెట్ సిగ్గుపడుతూ చెయ్యెత్తింది. ఎదురుగా అనగూడని మాట అలా నడివీధిలో మైకు పెట్టినట్టు వినబడుతుంటే అదొక తమాషాగా ఉంది. "గంటవాళ్ళు, గసగసాల కేకు." గంటవాళ్ళ ముసలాయన టోపీ తీసి వంగి దండం పెట్టాడు. అందరూ మళ్ళీ నవ్వారు. ట్రౌటె కూడా నవ్వింది.

"పొలాక్‌వాళ్ళు," అంది ఆ పిల్ల. "నల్ల రొట్టె సగం, చిన్నవి నాలుగు."

నవ్వు ఆగిపోయింది. అన్నెగ్రెట్ తన సంచిలోకి చూసుకోసాగింది. గంటవాళ్ళ ఆయన టోపీ పెట్టుకున్నాడు. పిల్ల చీటీ దగ్గరగా పెట్టుకుని ఇంకొంచెం గట్టిగా చదివింది. "పొలాక్‌వాళ్ళెవరండీ? రాలేదా?"

ఊరు మొత్తం మీద నల్ల రొట్టె సగం తీసుకునే ఇల్లు ఒక్కటే.

"నాదేనమ్మా," అంది ట్రౌటె. ముందుకి వెళ్ళి రొట్టె అందుకుంది. పిల్ల థాంక్స్ చెప్పి, చిన్న రొట్టెలు వేడిగా ఉన్నాయని, జాగ్రత్త అని కూడా చెప్పింది. పాపం, ఆమె తప్పేముంది.

ఇంటికి నాలుగు వందల అడుగులు. ట్రౌటె మామూలుగా నడిచే వేగంతోనే నడిచింది. వంటింట్లో రొట్టెని బల్ల మీద పెట్టి కోటు విప్పకుండానే కూర్చుంది. ఆ మాట ఆమెకి కొత్త కాదు. కలూజాలు శిలేసియాలో పుట్టిన జర్మన్లు. యుద్ధం అయ్యాక ఆ నేల పోలండ్‌కి పోతే, ఇంటి తాళం చేతికి తీసుకుని వీళ్ళని రైలెక్కించారు. అక్కడ జర్మన్లని గెంటేశారు, ఇక్కడ దిగితే పొలాక్ అన్నారు. పోలండ్ వాళ్ళని వెక్కిరించే మాట అది. బడిలో పిల్లలు అనేవారు, తర్వాత మానేశారు. మానేశారనే ఇన్నాళ్ళూ అనుకుంది. మానలేదు. ఆమె లేనప్పుడు అంటున్నారు, అంతే. మేమంతా అంటున్నాం.

మధ్యాహ్నం మూడింటికి అన్నెగ్రెట్ వచ్చింది, పళ్ళెం నిండా వెన్నకేకు ముక్కలతో, పైన గుడ్డ కప్పి. ఊరందరూ ఒకరినొకరు నువ్వు అనుకునే చోట ట్రౌటెని మాత్రం అందరూ మీరు అంటారు. నువ్వు అనేది అన్నెగ్రెట్ ఒక్కతే. పట్నం బస్సులో ఇద్దరూ ఇరవై ఆరేళ్ళు ఒకే సీట్లో కూర్చుని వెళ్ళారు.

కేకు గురించి, వాన గురించి కొంత మాట్లాడింది. లోథార్ని తిట్టింది, అలాంటి చీటీ ఎవరైనా చేతికిస్తారా అంది. ట్రౌటె కాఫీ పోసి ఊరుకుంది. ఊరుకుంటే అన్నెగ్రెట్‌కి భయం.

"అది తిట్టుగా ఎవరూ అనరే ట్రౌటే. అలా అలవాటైపోయింది. మా ఇంట్లో ఇప్పుడు కొలిమి ఏమన్నా ఉందా? అలాగే ఇదీనూ."

"నువ్వూ అంటావా?"

అన్నెగ్రెట్ కప్పు తిప్పుతూ కూర్చుంది. "గడ్డి కోసేవాడికి దారి చెప్పాలంటే ఎలా చెప్పను? పొలాక్‌వాళ్ళు దాటాక ఎడంపక్క అంటాను. వాడికి అలా చెబితేనే తెలుస్తుంది. నీకు తెలుసనే అనుకున్నాను."

ఇరవై ఆరేళ్ళ బస్సు ప్రయాణం ట్రౌటె కళ్ళముందు ఒక్కసారి తిరిగింది. సాయంత్రం ఇంటికెళ్ళాక అన్నెగ్రెట్ మొగుడితో ఏమని చెప్పి ఉంటుంది? ఇవాళ పొలాక్‌వాళ్ళ ట్రౌటె బస్సులో నిద్రపోయింది అనేగా. ప్రేమగానే చెప్పి ఉంటుంది. ఆ ప్రేమగా అన్నదే ఎక్కువ గుచ్చుకుంది.

మాస్టారికి తెలుసా అని అడిగింది. తెలియనివాళ్ళెవరు అంది అన్నెగ్రెట్. అప్పుడు బల్ల చివరనున్న కవరు ఆమె కంటబడింది. ఒడ్డువాళ్ళు అన్న మాట కింద గీత ఉంది. ఇదేంటని అడిగింది. ఏం లేదని ట్రౌటె దాన్ని తీసి పొయ్యిలో పెట్టేసింది. అన్నెగ్రెట్ వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఏదో అనబోయి, కేకు మూత పెట్టి ఉంచు, ఎండిపోతుంది అని చెప్పి వెళ్ళింది.

బుధవారం ట్రౌటె ఎవరినీ కలవలేదు. పట్టికని కింది నుంచి పైకి చదివింది. మిగతా నలభై ఒక్క ఇళ్ళ వరసల్లో పంతొమ్మిది తప్పులు పట్టుకుంది. ప్రతి తప్పునీ దిద్దింది. ఏ ఇంటి పేరులోనూ ఒక్క అక్షరం తేడా రాకూడదని, పాత చర్చి పుస్తకంలోని పేర్లతో కూడా సరిచూసింది. నలభై రెండో వరస ముట్టుకోలేదు.

గురువారం పదకొండింటికి కాగితాల సంచి తీసుకుని మిట్ట ఎక్కింది. ఏ వరదా ఎక్కని ఎత్తులో ఉంటుంది డ్రేవెస్ మాస్టారి ఇల్లు, మిట్టవాళ్ళది. భోజనాల గది నిండా మ్యాపులు, ఫోటోలు. ఆమె కోసం ఒక కుర్చీ ఖాళీ చేసి, ఆమె కోటు తనే తీసి తగిలించారు. మర్యాదకి లోటు లేని మనిషి.

పేజీ పేజీ చూసుకుంటూ వచ్చారు. ఆయన ప్రతి ఎర్ర గుర్తు దగ్గరా, అవునండీ కలూజా గారూ, నిజమేనండీ, అంటూ తల ఊపారు. రేవు గురించి ఆయన రాసిన పేజీలో ఒక్క తప్పు కూడా లేదని, చదువుతుంటే తాడు కిర్రుమన్నట్టు వినబడిందని ఆమె చెప్పింది. ఆయన ముఖం వెలిగిపోయింది. ఆ మాట ఆమె మనస్ఫూర్తిగానే అంది.

చివరి పేజీ దగ్గర ఆగారు. ప్రశ్నార్థకం ఆయన చూశారు. చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

అది కొత్త ఇల్లు కదండీ, కొత్తవాటికి పేర్లు పడలేదు, అన్నారు. ముప్పై ఏడో నంబరు యాభై మూడులో కట్టారని, దానికి రేకులవాళ్ళు అని మీరే వేశారని ఆమె వేలు పెట్టి చూపించింది. ఆయన కాసేపు ఆ వేలివంకే చూశారు.

"మంగళవారం సంగతి విన్నానండి," అన్నారు మెల్లగా. "చాలా బాధపడ్డాను. మీకు ఇలాంటి బాధ కలగకూడదనే మొదటి నుంచీ ఆ గడి ఖాళీగా ఉంచాను. అది అచ్చులో వెయ్యదగ్గ మాట కాదు."

"నోటితో అనదగ్గ మాటేనా?"

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నారు. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, కింద నది వంపు వైపు చూస్తూ నిలబడ్డారు. తిరిగి వచ్చేసరికి ముఖంలో ఏదో మంచి ఆలోచన తట్టినవాడి ఉత్సాహం ఉంది. మీ ఇల్లు నీళ్ళకి అందరికంటే దగ్గర, ఒడ్డువాళ్ళు అని వేద్దామండీ, అన్నారు. అందంగా ఉంటుంది, కమిటీలో ఎవరూ కాదనరు, పుస్తకంలో పడితే పదేళ్ళలో జనం కూడా అలాగే పిలుస్తారు.

సోమవారమైతే ఆమె ఆయన చేతులు పట్టుకునేది. ఆ పేరు తన నోటితో అడగకుండానే వచ్చింది, తను గీత గీసుకున్న పేరే. ఒక్క అవును చాలు, ఒడ్డువాళ్ళ ట్రౌటె అయిపోతుంది.

"మమ్మల్ని ఆ పేరుతో ఎవరూ పిలవలేదండి," అంది. "ఇది చరిత్ర పుస్తకం. పిలిచిన పేరు వెయ్యండి."

"మీకు అవమానం కదా?"

"నాకెందుకు అవమానం? నేను ఎవరినీ అలా పిలవలేదే."

కమిటీ ఒప్పుకోదన్నారు. కమిటీలో ఆ పేరు తెలియనివాళ్ళు ఎవరో చెప్పమంది. బయటి ఊళ్ళవాళ్ళు చదివితే ఏమనుకుంటారన్నారు. నాలుగేళ్ళు పాత కాగితాలు తిరగేసి ఉన్నది ఉన్నట్టు రాశారు కదా, ఈ ఒక్క గడి దగ్గర ఎందుకు ఆగారని అడిగింది. గొంతు పెంచలేదు. ఆయన కలం వైపు మాత్రం చూస్తూ కూర్చుంది.

చివరికి ఆయన కలం తీశారు. అడ్డగీతని కొట్టేసి, దాని పైన రాశారు. ముత్యాల్లాంటి అక్షరాలు, బోర్డు మీద నలభై ఏళ్ళు రాసిన చెయ్యి. పొల్లాక్‌వాళ్ళు. లకి కింద ఇంకో ల.

ట్రౌటె ఆ మాటని చూసింది. దాన్ని అచ్చం అలాగే ఇంకోచోట చూసింది తను. కాగితం మీద కాదు. మా ఊళ్ళో కొత్త ఇంటి పొగగొట్టంలోంచి మొదటి పొగ వచ్చిన రోజు చుట్టుపక్కలవాళ్ళు సీసా పట్టుకుని వెళ్ళి, గుమ్మం మీద సుద్దతో ఇంటిపేరు రాసి, తాగి వస్తారు. కలూజాల ఇంట్లో మొదటి పొయ్యి వెలిగించింది యాభై ఒకటి అక్టోబరులో. తల్లి ఆపిల్ రొట్టె చేసింది, గ్లాసులు కడిగి బల్ల మీద బోర్లించింది. సాయంత్రం దాకా ఎవరూ రాలేదు. మర్నాడు పాలకి వెళ్దామని తలుపు తీసిన ట్రౌటెకి తలుపు చెక్క మీద పెద్ద పెద్ద అక్షరాలు కనబడ్డాయి. తండ్రి తడిగుడ్డ తెచ్చేలోపు చదివేసింది. ఒత్తు ఎక్కువైందని పన్నెండేళ్ళ పిల్లకే తెలిసింది. ఎవరో ఆకతాయి రాసిన తిట్టు అనుకున్నారు ఇంట్లో. ఊరు పెట్టిన పేరనుకోలేదు.

ఆమె ఎర్ర పెన్సిలు తీసింది. కింది లని కొట్టేసి, మార్జిన్లో తీసివేత గుర్తు వేసింది.

"ఒక ల ఎక్కువైంది," అంది. "ఆ రోజు తలుపు మీద కూడా ఇలాగే రెండు రాశావు."

మాస్టారు కదల్లేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి, డెబ్బైకి దగ్గరపడ్డ మనిషికి చిన్నపిల్లాడిలా. కాదని అనవచ్చు, సాక్ష్యం ఏముంది గనక. అనలేదు.

"నాకప్పుడు పద్నాలుగేళ్ళు," అన్నారు.

"నాకు పన్నెండు."

ఆయన కాగితం తన వైపు తిప్పుకున్నారు. ఎలా వచ్చింది అన్న గడి ఇంకా ఖాళీగా ఉంది. రాయడం మొదలుపెట్టి ఆగారు, మళ్ళీ రాశారు. రాసింది ఆమె ముందుకి జరిపారు. 'అక్టోబరు 1951లో ఈ ఇంటి తలుపు మీద హెన్నింగ్ డ్రేవెస్ రాశాడు. ఊరంతా అలాగే పిలిచింది.'

ఆమె చదివింది. తప్పుల్లేవు. దిద్దడం పూర్తయిన పేజీ కింద వేసే పొడి అక్షరాలు వేసి, తేదీ వేసింది. మిగతా కాగితాలు సర్ది, అంచులు సమంగా తట్టి ఆయనకిచ్చింది. లేచి తన కోటు తనే తీసుకుంది.

"కూర్చో ట్రౌటే," అన్నారాయన. ఆ నువ్వు ఆయన నోటికి అలవాటు లేదు, తడబడ్డారు. "కాఫీ పెడతాను. ఇన్నేళ్ళ తర్వాత మనకింకా మీరు ఏంటి?"

ఆమె గుండీలు పెట్టుకోవడం పూర్తి చేసింది.

"ఇందాక నేను 'నువ్వు' అన్నది ఆ పద్నాలుగేళ్ళ కుర్రాణ్ణండి, మాస్టారూ. మిమ్మల్ని కాదు."

అచ్చాఫీసు బండి రేపు ఎనిమిదింటికే వస్తుందని, కాగితాలు తడవకుండా చుట్టి ఉంచమని చెప్పి, మిట్ట దిగి ఇంటికి వెళ్ళింది.